పాట మీద నోటీసు, వేదిక మీద బ్రాండు: ఎక్సైజ్, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఎక్సైజ్, పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. మందు ఫైలూ, పాట ఫైలూ రెండూ మీ బల్ల మీదికే వస్తాయి. అందుకే ఈ ఉత్తరం ఇద్దరు మంత్రులకు రాసే పని తప్పింది. హైదరాబాద్‌లో, జిల్లాల్లో పాడేవాళ్లం, కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, డోలక్ వాయించేవాళ్లం, సౌండు, లైట్లు చూసేవాళ్లం కొందరం కలిసి రాస్తున్నాం. మద్యం కంపెనీల డబ్బుతో జరిగే లైవ్ ప్రోగ్రాముల గురించి మా మాట ఇది.

ముందే ఒకటి చెప్పేస్తాం. మేము అడుగుతున్నది మద్యనిషేధం కాదు. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోసే ఊళ్లలోంచి వచ్చినవాళ్లం, తాగేవాళ్లను తిట్టడానికి ఇది రాయలేదు. మాలోనూ అందరిదీ ఒకే మాట కాదు. డబ్బెవరిదైతేనేం, మైకు సెట్టు అద్దె ఎవరో ఒకరు కట్టాలి కదా అనేవాళ్లున్నారు. పగలు గుళ్లో కీర్తన పాడి రాత్రి విస్కీ పేరున్న తోరణం కింద ఎలా నిలబడతాం అనేవాళ్లున్నారు. తాగుడు మానడానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న వాయిద్యగాళ్లూ ఉన్నారు. ఫీజుతో పాటు బాటిల్ కూడా "హాస్పిటాలిటీ" కింద గ్రీన్‌రూమ్‌లో పెట్టేస్తే వాళ్ల గతేమిటో ఎవరూ అడగరు. అయితే ఒక్క విషయంలో అందరం కలిశాం: బారులో అమ్ముకుంటే అమ్ముకోండి, వేదిక మీదికి మాత్రం బ్రాండు ఎక్కకూడదు.

2024 నవంబర్ 15న హైదరాబాద్‌లో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ ప్రోగ్రాముకు ముందు రంగారెడ్డి జిల్లా అధికారులు నోటీసు ఇచ్చారు: మద్యాన్ని, డ్రగ్స్‌ను, హింసను పొగిడే పాటలు వద్దు, పిల్లల్ని స్టేజీ ఎక్కించొద్దు అని. ఆయన పాటలో మందు మాట తీసేసి కూల్‌డ్రింక్ పేరు పెట్టి పాడేశారు. రెండు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో, రాష్ట్రాలన్నీ మద్యం ఆపేస్తే తానూ ఆ పాటలు మానేస్తానని, మద్యం యాడ్లు మాత్రం తాను చేయనని అన్నారు. ఆ వాదనలో ఎవరు గెలిచారన్నది వదిలేద్దాం. మాకు కనిపించింది వేరే. నోటీసులన్నీ గాయకుడి నోటికే వస్తున్నాయి. గేటు మీది ఆర్చీకి, చేతికి కట్టే బ్యాండుకి, ఎల్‌ఈడీ వాల్‌కి నోటీసు వచ్చినట్టు మేమెక్కడా చూడలేదు.

మైదానంలో ఇది ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెబుతాం. కంపెనీ నేరుగా మద్యం పేరు రాయదు. అదే పేరు, అదే అక్షరాలు, అదే రంగుతో సోడానో, మ్యూజిక్ సీడీనో, గ్లాసులనో ముందుకు తెస్తుంది. ఒప్పందం ఈవెంట్ కంపెనీతో ఉంటుంది, మాతో కాదు. అందులో "పోరింగ్ రైట్స్" ఉంటాయి, అంటే లోపల కౌంటర్లో ఆ కంపెనీ సరుకు తప్ప ఇంకోటి అమ్మకూడదు. మా చేతికొచ్చేది రెండు పేజీల ఇంగ్లీషు కాయితం. అడుగున ఒక లైను: ప్రోగ్రాముకు ముందు రెండు రీల్స్, తర్వాత ఒకటి, బ్రాండును ట్యాగ్ చేయాలి. సంతకం పెట్టిన గాయని "ఎండార్సర్", అంటే బ్రాండుకు ప్రచారం చేసే మనిషి అయిపోతుంది. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి ముసుగు ప్రకటనల్ని నిషేధించాయి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రకటనలో కనిపించిన వాళ్లు ఏడాది దాకా ఏ ప్రకటనా చేయకుండా ఆపొచ్చు. ముందే విచారించుకుని ఒప్పుకున్నామని చూపిస్తే తప్పించుకోవచ్చు గానీ, స్పాన్సరెవరో సౌండ్ చెక్ దాకా తెలియని బ్యాండు ఏం విచారించుకుంటుంది?

ఇక సంగీతానికి జరిగే నష్టం. గొంతులు, వాయిద్యాల శబ్దాన్ని కలిపి సరిచేసే మిక్సింగ్ కన్సోల్ స్టేజీకి సూటిగా ఎదురుగా, జనం మధ్యలో ఉండాలి. చిన్న మైదానమైనా సుమారు 25 మీటర్ల దూరంలో. సరిగ్గా ఆ చోటే స్పాన్సరుకు కావాలి, సోఫాలు వేసి "ఎక్స్‌పీరియన్స్ జోన్" కట్టడానికి. సౌండ్ ఇంజనీరు పక్కకు జరుగుతాడు. అక్కడ ఒక వైపు స్పీకర్లే ఎక్కువ వినిపిస్తాయి, సబ్‌ఊఫర్ల బేస్ ఒక చోట గుంపు కట్టి ఇంకో చోట మాయమవుతుంది. అతని చెవికి సరిపోయిన మిక్స్ జనానికి గొంతు లేని మోత. డ్రమ్ సెట్టు సంగతి ఇంకా చిన్నది, ఇంకా చిరాకు. బేస్ డ్రమ్ ముందు చర్మానికి మైకు లోపలికి పెట్టడానికి రంధ్రం ఉంటుంది. స్టిక్కర్ వాళ్లు లోగో గుండ్రంగా రావాలని ఆ రంధ్రం మీదే వినైల్ అంటిస్తారు. మైకు బయటే ఆగిపోతుంది, దెబ్బలో పదును పోతుంది. చివరికి బ్లేడుతో కోస్తే లోగో చినిగిందని గొడవ.

టైము కూడా పోతుంది. లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆపాలి, అది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. కౌంటరు అమ్మకం సాగాలని పెద్ద గాయకుణ్ణి ఆలస్యంగా ఎక్కిస్తారు. 10 గంటల గీత మామూలుగా కదలదు కాబట్టి కోత పడేది ముందు వాయించే ఊరి బ్యాండు మీదే. 40 నిమిషాల సెట్టు 20కి వస్తుంది. ఆ కోత గురించి ఒప్పందంలో మాట ఉండదు.

ఇది కేంద్రం పని అనడానికి లేదు. పొగాకుకు 2003లో కేంద్రం చట్టం చేసి స్పాన్సర్‌షిప్‌ని ఆపేసింది. మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. ఇక్కడ హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే జరుగుతుంది. ఏ కంపెనీ అయినా మీ గేటు దాటకుండా ఈ రాష్ట్రంలో ఒక్క సీసా అమ్మలేదు. మైదానంలో మద్యం పోయడానికి ఈవెంట్ పర్మిట్ ఇచ్చేదీ మీ శాఖే. షరతులు ఆ పర్మిట్‌లో రాస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు.

ఏమని రాయాలి? దరఖాస్తుతోనే స్పాన్సర్ల పూర్తి జాబితా, వాళ్లతో ఒప్పందం కాపీ జత చేయాలి. ఆ జాబితా కళాకారులకు అడ్వాన్సు ఇచ్చే ముందు, ప్రోగ్రాముకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అందాలి. అది చూసి తప్పుకున్నవాళ్ల మీద నష్టపరిహారం అడగకూడదు. స్టేజీ, ఆర్చీ, టికెట్టు, చేతి బ్యాండు, ఎల్‌ఈడీ, వాయిద్యాలు, బట్టలు, రీల్స్: వీటిలో ఎక్కడా మద్యం పేరు గానీ, ఆ పేరుతోనే ఉన్న సోడా, సీడీ, గ్లాసు గానీ కనిపించకూడదు. ఈ రెండో ముక్క మరిచిపోతే మొదటిది దండగ. బ్రాండు పేరు కౌంటర్ మీద, మెనూలో చాలు. కౌంటరు కంచె లోపల, స్టేజీకి దూరంగా ఉండాలి, వయసు కాయితం చూసి 21 నిండినవాళ్లకే లోపలికి దారి. అమ్మకం ప్రోగ్రాము ముగియడానికి అరగంట ముందు ఆగాలి. తాగే నీళ్లు ఉచితం.

అమ్మకమే పూర్తిగా ఆపేయమని కొందరు అంటారు. అప్పుడు పార్కింగ్‌లో కార్ల మధ్య క్వార్టర్ సీసాలు తిరుగుతాయి, వయసు చూసేవాడూ ఉండడు. మాకది వద్దు.

మరి డబ్బు? నిజమైన ప్రశ్న ఇదే. ఫ్రాన్స్ 1991లోనే మద్యం స్పాన్సర్‌షిప్‌ని నిషేధించింది. దానికి రెండేళ్ల ముందు అక్కడి బెల్‌ఫోర్‌లో మొదలైన యూరోకెయెన్ సంగీత ఉత్సవం అయినా ఆగలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు మీద లెవీ వేసి, ఆటలకూ కళలకూ సిగరెట్ కంపెనీలిచ్చే సొమ్ము స్థానంలో ఆ డబ్బు పెట్టింది. థాయిలాండ్ 2001 నుంచి మద్యం, పొగాకు పన్నుల మీద అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య నిధికి ఇస్తోంది. మన దగ్గర అంత కూడా అక్కర్లేదు. 2025లో 2,620 వైన్స్ దుకాణాలకు ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని ఫీజు 3 లక్షలు. ఆ ఫీజులే 2,800 కోట్లు దాటాయి. అందులో వెయ్యికి ఒక్క రూపాయి పక్కన పెడితే 2.8 కోట్లు, 33 జిల్లాలకు పంచితే జిల్లాకు దాదాపు ఎనిమిదిన్నర లక్షలు. సినిమా స్టార్ రాడు, నిజమే. కానీ జిల్లా కేంద్రంలో వెయ్యి మంది కూర్చునే ప్రోగ్రాములు రెండు మూడు, సరైన సౌండు, జనరేటరు, కళాకారులకు బ్యాంకు ఖాతాలో ఫీజు, ఇవన్నీ అందులో జరుగుతాయి. ఎంపిక మాత్రం సిఫారసు లెటర్‌హెడ్ల మీద జరగకూడదు, పది నిమిషాల లైవ్ ఆడిషన్ మీద జరగాలి. లేకపోతే ఆ డబ్బు ఎటు పోతుందో మీకు మేము చెప్పక్కర్లేదు.

డిసెంబర్ 31 ప్రోగ్రాములకు బ్యాండుల డేట్లు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే ఖాయమవుతాయి. పర్మిట్ షరతులు డిసెంబర్‌లో వస్తే అప్పటికే సంతకాలు అయిపోయి ఉంటాయి. సర్క్యులర్ ఆగస్టు లోపు రావాలి. ముసాయిదా తయారు చేసేటప్పుడు ఒక సౌండ్ ఇంజనీరునీ, ఒక బ్యాండు లీడరునీ పిలిపించండి. మైదానం కొలతలతో సహా కాయితం పట్టుకొని వస్తాం.

ఇట్లు,
హైదరాబాద్, జిల్లాల లైవ్ కళాకారులు, సౌండ్, లైటింగ్ పనివాళ్లు కొందరు