విషయం: నన్నడగకుండా మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

తిరుపతి నుంచి రాస్తున్నాను. ఆరేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. గప్పీ చేపల మేత, ఫిల్టరు స్పాంజీలు, చివరికి మా తమ్ముడింటి చేపల తొట్టి కూడా మీ దగ్గరే తెప్పించాను. బండెక్కితే పది నిమిషాల్లో ఊళ్లోనే దొరుకుతాయి. అయినా మిమ్మల్ని నమ్మాను.

రెండు నెలల కిందట తొట్టి వెనకవైపు గుబురుగా ఉంటాయని వాలిస్నేరియా, హైగ్రోఫిలా అనే నీటి మొక్కలు ఆర్డరు పెట్టాను. కవరు విప్పితే పప్పులో వేసిన ఆకుకూరలా ఉన్నాయి. ఎండాకాలం, కొరియర్ వ్యానులో నాలుగు రోజులు. ఏ మొక్కయినా అంతే. దానికి నాకు కోపం రాలేదు.

మీకు ఫోన్ చేశాక వచ్చింది. ఇరవై నిమిషాలు పాట వినిపించి, ఒకమ్మాయి "ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూశారా సార్?" అంది. మొక్కకు ప్లగ్గేంటమ్మా అంటే మళ్లీ పాట. రెండోసారి ఒకబ్బాయి, మీ లెక్కల్లో తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది కాబట్టి అడ్రసు సరిపోలేదన్నాడు. 2022 ఏప్రిల్‌లోనే వేరు జిల్లా అయింది నాయనా అంటే, "సిస్టమ్ తీసుకోవట్లేదు సార్". మూడోసారి ఫోటోలు, నాలుగోసారి మళ్లీ అవే ఫోటోలు. తర్వాత ఇంకొకాయన, సరుకు వచ్చిన ప్యాకింగులోనే తిరిగి పంపమన్నాడు. ఆ ముద్దను అరిటాకులో చుట్టి పంపమంటారా? పైగా ఒక సలహా: "ఈసారి లోతుగా పాతండి సార్." వాలిస్నేరియా మొదలు పూడితే కుళ్లుతుందని, వేర్లే లోపలుండాలని ఆరో తరగతి చదివే మా మనవడికి తెలుసు.

మర్నాడు మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది. ఎన్ని స్టార్లు ఇస్తారు?"

కొండమీద సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చోబెట్టినా పాలిస్తారు, ఉప్మా పెడతారు, చివర్లో స్వామి కనిపిస్తాడు. మీ క్యూలో ఎవరూ కనిపించలేదు.

ఇంకో మాట. పారేయడానికి మనసొప్పక ఆ వాలిస్నేరియా మొదళ్లు ఇసుకలో గుచ్చాను. మా బోరు నీళ్లకు గీజరు గార కడుతుంది కానీ, దానికి ఆ నీళ్లే పడ్డాయి. కొత్త ఆకులు వేసింది, మొన్న పక్కకు తీగ పాకించి పిల్లను కూడా పెట్టింది. హైగ్రోఫిలా మాత్రం పోయింది. మీ మొక్కకున్న పట్టుదలలో సగం మీ ఆఫీసుకుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

డబ్బులు మీరే ఉంచుకోండి అని రాయబోయాను. వద్దు, హైగ్రోఫిలావి పంపండి. అంతకంటే ముందు తెలుగొచ్చిన మనిషెవరైనా ఫోన్ చేసి జరిగిందంతా వినాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళతాను. రిటైరయినవాణ్ణి, నాకు టైముంది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం చేయొద్దు, పడుకుంటాను.

ఇట్లు,
మీ లెక్కలో పరిష్కారమైపోయిన కస్టమరు,
తిరుపతి