చుట్టూ ఉన్న చిన్న కణాల్ని చూడు

ఏరా శ్రీనూ,

టీఎఫ్‌హెచ్ లింఫోమా (టి ఫాలిక్యులర్ హెల్పర్ కణాల నుంచి పుట్టే లింఫ్ గ్రంథి క్యాన్సర్) స్లైడ్ దగ్గర ఎక్కడ బోల్తా పడతామో రాయమన్నావుగా. ఆ స్లైడ్‌లో ముందుగా కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది ఒక్కోసారి క్యాన్సర్ కణమే కాదురా. అచ్చం రీడ్-స్టెర్న్‌బర్గ్ కణంలా (హాడ్జ్‌కిన్ లింఫోమాకి గుర్తు అదే) ఉండే పెద్ద బి కణం అది, చాలాసార్లు ఈబీవీ వైరస్ సోకి ఉంటుంది. సీడీ30, ఒక్కోసారి సీడీ15 మార్కర్లు (కణాన్ని గుర్తుపట్టే ప్రోటీన్లు) కూడా పాజిటివ్ వస్తాయి. అంతే, హాడ్జ్‌కిన్ అని రాసేస్తాం. అసలు దొంగలు దాని చుట్టూనే ఉంటారు: చిన్న నుంచి మధ్యస్థ సైజు, నీళ్లలా తేటగా ఉన్న సైటోప్లాజం, ఉబ్బిన గోడల చిన్న రక్తనాళాల పక్కన గుంపులుగా.

ఇలా ఎందుకంటే, బి కణాలకు సాయం చేయడమే టీఎఫ్‌హెచ్ కణం ఉద్యోగం. క్యాన్సర్‌గా మారాక కూడా ఆ పని మానదు. సీఎక్స్‌సీఎల్13 అనే పిలుపు ప్రోటీన్ వదిలి బి కణాల్ని పిలుస్తూనే ఉంటుంది. రక్తంలో గామా గ్లోబ్యులిన్లు (యాంటీబాడీలు) పెరగడం, కూంబ్స్ పాజిటివ్ రక్తహీనత (సొంత యాంటీబాడీలే ఎర్రకణాల్ని దెబ్బతీయడం), ఇవన్నీ ఆ సాయం మితిమీరడం వల్లే. బి క్లోన్ (ఒకే కణం నుంచి పెరిగిన బి కణాల గుంపు) కూడా దొరకొచ్చు, దాన్ని చూసి బి లింఫోమా అనేయకు.

స్టెయిన్లలో సీడీ21 తప్పకుండా వెయ్యి, ఫాలికిల్ (గ్రంథిలో బి కణాల గుండ్రటి గూడు) లోపలి డెండ్రిటిక్ కణాల వల దాంతో కనబడుతుంది. యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ అనే టీఎఫ్‌హెచ్ రకంలో ఆ వల ఫాలికిల్ దాటి నాళాల చుట్టూ పాకి ఉంటుంది. సీడీ4 ఉన్న టి కణాల్లో పీడీ1, ఐకాస్, సీడీ10, బీసీఎల్6, సీఎక్స్‌సీఎల్13 అనే టీఎఫ్‌హెచ్ మార్కర్లలో కనీసం రెండు రావాలి, మూడైతే నిశ్చింత. పీడీ1 ఒక్కటే నమ్ముకోకు, మామూలు ఫాలికిల్‌లోనూ వెలుగుతుంది. ఫాలికిల్ బయట గుంపుగా ఉందా అన్నదే చూడాలి.

ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని లేజర్‌తో ఒక్కొక్కటిగా చూసే పరీక్ష) ఇంకో గుంట ఉంది. ఈ కణాలపై సర్ఫేస్ సీడీ3 మసకగానో, అసలు లేకుండానో ఉంటుంది. సీడీ3 మీదే గేట్ పెడితే, అంటే సీడీ3 ఉన్నవాటినే ఏరితే, మొత్తం జారిపోతాయి. సీడీ4, సీడీ10 కలిపి చూడు.

జన్యు పరీక్షలో టెట్2 జన్యువులో మార్పు ఒక్కటే వస్తే తొందరపడకు, వయసు మీదపడిన వాళ్ల రక్తంలో ఊరికే ఉండొచ్చు. రోఏ జన్యువులో జీ17వీ అనే మార్పు దొరికితే బలమైన ఆధారం. కాకపోతే క్యాన్సర్ కణాల వాటా తక్కువ కాబట్టి పాత శాంగర్ పద్ధతిలో తప్పిపోవచ్చు, ఇంకా సున్నితమైన ఎన్‌జీఎస్ పద్ధతి అడుగు.

సూదితో పీల్చిన నమూనా మీద మాత్రం ఈ జబ్బు తేల్చబోకు. స్టెరాయిడ్ మొదలెట్టకముందే గ్రంథి మొత్తం తీయించు. రిపోర్టులో సీడీ30 శాతం టి కణాల్లో ఎంత, పెద్ద బి కణాల్లో ఎంత అని విడివిడిగా రాయి, సీడీ30కి గురిపెట్టే బ్రెంటుక్సిమాబ్ మందు గురించి ఆలోచించే డాక్టరు ముందు అదే వెతుక్కుంటారు.

నీ
రఘు