యువకుల జైలు, ప్రాసిక్యూటర్ సంతకం: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. హాలు అద్దె పెరిగిన సంగతీ ఆయనే చెబుతారు, ఆ తిట్లు నాకొద్దు. రక్తదాన శిబిరం, పదో తరగతి పిల్లల ట్యూషన్లు, బీచ్ రోడ్డు శుభ్రత ఎప్పటిలాగే జరిగాయి. పనిచేసినవాళ్లకు ధన్యవాదాలు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన అధ్యయన సమావేశాల గురించే.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు: జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నా చేసిన కుర్రాళ్లను తీసుకెళ్తే మనం పోలీసులను తిడతాం, బెయిలు రాకపోతే జడ్జిని తిడతాం, మధ్యలో నిలబడి 'బెయిలు ఇవ్వొద్దు' అనేది ఎవరు? ప్రాసిక్యూటర్, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు. ఆ ప్రశ్నే ఏడాదంతా నడిచింది. కాలనీ సంఘానికి ఈ గొడవలెందుకని కొందరు గట్టిగానే అన్నారు. 1966లో విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కిన విద్యార్థులు ఈ ఊరివాళ్లేనని, వాళ్లలో కొందరు ఇప్పుడు ముందు వరసలోనే కూర్చున్నారని గుర్తుచేశాక చర్చ ముందుకు సాగింది.

మొదటి రెండు సమావేశాలు చట్టం చదవడానికే సరిపోయాయి. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ పద్ధతి చట్టం (సీఆర్‌పీసీ) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారి ప్లీడర్లే తడబడుతున్నారు, ఇక మన సంగతి చెప్పాలా. అయినా అసలు విషయం మారలేదు. జిల్లా కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోసం జిల్లా మేజిస్ట్రేట్ సెషన్స్ జడ్జిని సంప్రదించి పేర్ల జాబితా తయారుచేస్తారు, అందులోంచి నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉండే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను (ఏపీపీలను) మన రాష్ట్రంలో ఎంపిక చేసేది కానిస్టేబుళ్లను, ఎస్సైలను ఎంపిక చేసే పోలీసు నియామక మండలే. ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ హోంశాఖ కింద ఉంటుంది, పోలీసులూ ఆ శాఖ కిందే. ప్రాసిక్యూషన్ విభాగాన్ని పోలీసు శాఖ నుంచి వేరుచేయాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కాగితం మీద వేరయ్యాయి. తలుపు మాత్రం ఒకటే.

అందరినీ ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఊపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం. మామూలు కేసుల్లో అరవై లేదా తొంభై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కు వస్తుంది. ఊపాలో ఆ గడువును 180 రోజుల దాకా పెంచొచ్చు. అయితే పోలీసులు అడిగితే చాలదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, ఇంకా ఎందుకు నిర్బంధించాలో చెబుతూ పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక ఇవ్వాలి. ఉగ్రవాదం మీద అప్పట్లో ఉన్న టాడా చట్టంలో ఇలాంటి నిబంధన మీదే 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాసిక్యూటర్ దర్యాప్తు సంస్థలో భాగం కాదని, వచ్చిన కాగితాన్ని కోర్టుకు అందించే పోస్టాఫీసు అసలే కాదని చెప్పింది.

ఆ మాట ఎంత దూరం నిలిచిందో మహారాష్ట్రలో హక్కుల కార్యకర్తలు, లాయర్ల మీద ఊపా కింద పెట్టిన భీమా కోరెగావ్ కేసులో చూశాం. 2018లో గడువు పెంపు కోసం వేసిన దరఖాస్తు దర్యాప్తు అధికారిదే తప్ప ప్రాసిక్యూటర్ నివేదిక కాదని బాంబే హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి, ప్రాసిక్యూటర్ సంతకం కూడా ఉంది కాబట్టి సారాంశంలో అది ఆయన నివేదికేనంది. అదే కేసులో గడ్చిరోలిలో ఆదివాసీ హక్కుల కోసం పనిచేసిన మహేష్ రౌత్‌కు 2023 సెప్టెంబరులో హైకోర్టు బెయిలు ఇచ్చినా, కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ పైకోర్టుకు వెళ్లడంతో అది వెంటనే అమలు కాలేదు. కేరళలో అలన్ షుహైబ్, తాహా ఫసల్ అనే ఇద్దరు విద్యార్థులను 2019 నవంబరులో ఊపా కింద పట్టుకున్నారు. కింది కోర్టు బెయిలిస్తే ఎన్ఐఏ అప్పీలుకు వెళ్లి తాహా బెయిలు రద్దు చేయించింది. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో దాన్ని తిరిగి ఇచ్చింది. కేసు మొదట పెట్టింది వామపక్ష ప్రభుత్వం కింది పోలీసులే. ఏ జెండాకూ మినహాయింపు లేదని నా అభిప్రాయం.

ఇది మన దేశానికే పరిమితం కాదని ఒక సమావేశం హాంకాంగ్ మీద పెట్టాం. 2014లో ప్రజాస్వామ్యం కోసం జరిగిన ఆందోళన కేసులో విద్యార్థి నాయకుడు జాషువా వాంగ్‌కు కింది కోర్టు 80 గంటల సమాజసేవ శిక్షగా వేసింది, ఆయన ఆ సేవ చేసేశాడు కూడా. అయినా న్యాయశాఖ శిక్ష చాలదంటూ పైకోర్టుకు వెళ్లింది. 2017 ఆగస్టులో ఆరు నెలల జైలు పడింది, అప్పటికి ఆయన వయసు ఇరవై. 2018 ఫిబ్రవరిలో అత్యున్నత కోర్టు ఆ జైలుశిక్షను రద్దు చేసింది.

ఒక రిటైర్డ్ ప్రాసిక్యూటర్ గారు వచ్చి మాట్లాడారు, పేరు వద్దన్నారు. ఫైలు చదవడానికి టైము ఉండదని, ధర్నా కేసుల్లో 'పైనుంచి చెప్పారు' అన్న మాట రోజూ వినేదేనని ఒప్పుకున్నారు. కాదంటే ఏమవుతుందని ఒక కుర్రాడు అడిగాడు. "పదవీకాలం పొడిగించరు, అంతే" అన్నారు. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కాదనే అధికారం చట్టంలో లేకపోలేదు. కోర్టు అనుమతితో ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకోవచ్చు. పాత చట్టంలో అది సెక్షన్ 321, కొత్తదానిలో 360. దీన్ని ఎవరి కోసం వాడుతున్నారన్నదే ప్రశ్న. ప్రభుత్వాలు మారినప్పుడల్లా సొంత నాయకుల మీది కేసులు ఎత్తేయించుకోవడం ఎక్కువయ్యే, 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులు ఉపసంహరించొద్దంది. నాయకుల కోసం కదిలే కలం విద్యార్థుల దగ్గరికి వచ్చేసరికి ఎండిపోతుంది. 1974లో విప్లవ రచయితల మీద పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసును పదిహేనేళ్లకు, 1989లో కోర్టు కొట్టేసింది. నిందితుల్లో ఒకరైన కవి చెరబండరాజు 1982లోనే కన్నుమూశారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు పనులు అనుకుంది. జిల్లాలో ప్రాసిక్యూటర్ల జాబితా ఎలా తయారైంది, ఖాళీలెన్ని అని సమాచార హక్కు దరఖాస్తు పెడతాం. ముసాయిదా సిద్ధంగా ఉంది, ఇద్దరు ప్లీడర్లు చూసిపెట్టారు. రెండోది, విచారణలు బహిరంగంగానే జరుగుతాయి కాబట్టి విద్యార్థుల కేసుల వాయిదాలకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుని, ప్రాసిక్యూటర్ బెయిలును ఏ కారణంతో వ్యతిరేకించారో తేదీతో సహా రాసుకుంటాం. కోర్టులో మాట్లాడకూడదు, ఫోన్లు ఆపేయాలి, వాట్సాప్ గ్రూపులో వ్యాఖ్యలు పెట్టకూడదు. వారపు రోజుల్లో ఉదయం పూట ఖాళీ ఉన్నవాళ్లు, ముఖ్యంగా రిటైరైనవాళ్లు, ఈ సమావేశం అయ్యాక టీ తాగేటప్పుడే నా దగ్గర పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి