మధ్యాహ్నం పూట చీటీ మందులు ఎందుకు ఇవ్వడం లేదంటే

మన మెడికల్ షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల మొదటి నుంచి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా, మళ్లీ రాత్రి తొమ్మిది దాటాక, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు మన కౌంటర్‌లో ఇవ్వడం లేదు. షాపు తెరిచే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, బ్యాండేజీ, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు దొరుకుతాయి. బీపీ, షుగర్ మాత్రలు, యాంటీబయాటిక్స్ మాత్రం ఆ వేళల్లో దొరకవు. చాలామందికి కోపం వచ్చింది. "మందు అలమారాలో కనబడుతూనే ఉంది, కుర్రాడు తీసి ఇస్తే ఏం పోయింది?" అని నన్ను ముఖం మీదే అడిగారు. అడగడం న్యాయమే. దానికి సరిగ్గా జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ గంటల్లో షాపులో ఫార్మసిస్టు ఉండరు. అదే కారణం. ఇన్నాళ్లూ నాతో పాటు మా మామయ్యగారు ఉండేవారు. మీరంతా పెద్దాయన అని పిలిచే ఆయన కూడా రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. మోకాళ్ల నొప్పులతో ఇక నిలబడలేనని ఇంటిపట్టున ఉంటున్నారు. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పొద్దున్నే ఏడింటికి వచ్చి రాత్రి పదకొండు దాకా ఒక్క మనిషి కౌంటర్ దగ్గర ఉండటం జరిగే పని కాదు.

మామయ్యగారు మానేశారని తెలిసిన వారంలోనే ఒకాయన ఫోన్ చేశారు. సర్టిఫికెట్ ఇస్తాను, గోడకి తగిలించుకోండి, నెలనెలా ఇంత పంపండి, నేను రానక్కర్లేదు అన్నారు. ఈ పద్ధతి మా వ్యాపారంలో ఎంతగా పాతుకుపోయిందో మీకూ తెలిసే ఉంటుంది. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌లో ఒక ఫొటో, కౌంటర్‌లో మందులిచ్చేది ఇంకొకరు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను.

దీని వెనక ఉన్న చట్టం చాలా పాతది. బ్రిటిష్ వాళ్ల హయాంలోనే కల్తీ మందులు, చదువు లేకుండా మందులు కలిపి అమ్మేవాళ్ల గురించి గోల మొదలైతే, 1930లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మందులకీ, మందులిచ్చే వృత్తికీ చట్టాలు కావాలని ఆ కమిటీ చెప్పింది. ఫార్మసీ చట్టం మాత్రం 1948లో వచ్చింది. దాని కింద 1949లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మా చదువు ఎలా ఉండాలో, ఏ కాలేజీకి అనుమతి ఇవ్వాలో ఈ కౌన్సిలే నిర్ణయిస్తుంది. కౌంటర్ దగ్గర మేం ఎలా నడుచుకోవాలో చెప్పేది కూడా అదే. మా పేర్లు రిజిస్టర్ చేసే పని రాష్ట్ర కౌన్సిల్‌ది. నా పేరు ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉంది. షాపు లైసెన్సు ఇచ్చేది మాత్రం వేరే శాఖ. మీరు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అని వినేది వాళ్ల మనిషినే. లైసెన్సు షాపుకి, రిజిస్ట్రేషన్ మనిషికి. ఈ రెండూ ఉంటేనే చీటీ మీద మందు ఇవ్వాలి.

ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ అని ఒకటుంది. డాక్టరు రాసిన చీటీ మీద మందు కలపడం గానీ ఇవ్వడం గానీ రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ చేయకూడదు, చేస్తే శిక్ష ఉంటుంది. 2022 నవంబరులో బీహార్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది: నకిలీ ఫార్మసిస్టులతో ఆసుపత్రులు, మందుల షాపులు నడవకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదీ, కౌన్సిల్‌దీ అని. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పలచబడుతుందో నాకు అర్థం కాదు. తనిఖీలు ఇంకా గట్టిగా జరగాలి. మన షాపుకీ రావాలి.

అసలు ఫార్మసిస్టు చేసే పని స్ట్రిప్పు తీసి కవర్లో వేయడమే అయితే నేనూ ఇంత పట్టుపట్టను. మొన్న ఒక పెద్దావిడ రెండు చీటీలు తెచ్చారు. ఒకటి ఇక్కడి డాక్టరుది, ఇంకొకటి కూతురి ఊళ్లో చూపించుకున్నది. రెండింట్లోనూ బీపీ మాత్రలే. పేర్లు వేరు, డబ్బాల రంగులు వేరు. స్ట్రిప్పులు రెండూ అద్దం మీద పక్కపక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి వినిపించాను. ఒకదాంట్లో టెల్మిసార్టాన్. రెండోదాంట్లో టెల్మిసార్టానే, దానికి ఆమ్లోడిపిన్ కలిపి ఉంది. అంటే ఒకే మందు రెండుసార్లు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఒకటి ఆపేయమన్నారు. పొద్దున్న లేవగానే తల తిరుగుతోందని ఆవిడ అప్పటికే రెండు వారాలుగా అంటున్నారట.

మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఇంకా టెన్షన్ పెట్టే మందు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ స్ట్రిప్పు మీద మార్కర్‌తో ఏ రోజు వేసుకోవాలో రాసి, ఇంట్లో మందులు చూసేవాళ్లెవరో వాళ్లకి కూడా చెప్పి పంపుతాను. మా కుర్రాడు తెలివైనవాడే, డబ్బాలన్నీ కళ్లు మూసుకుని తీస్తాడు. కానీ ఇది రోజూనా, వారానికోసారా అని అడగాలని వాడికి ఎవరు నేర్పారు?

2015లో కౌన్సిల్ తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. ఒకే మందు రెండుసార్లు పడుతోందా, ఒక మందు ఇంకోదానితో పడదా, అలర్జీ ఉందా, మోతాదు సరిపోయిందా చూడాలి. రోగికి వివరించి చెప్పాలి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా బ్యాడ్జితో తెల్లకోటు వేసుకోవాలి. అయిదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు చేయాలి. నా కోటు మీద నంబరు ఉంటుంది, అడిగి చూడండి. ఏ షాపులో అయినా అడిగే హక్కు మీకుంది.

ఇంకో రెండు మాటలు. చీటీలో రాసిన బ్రాండు లేకపోతే "అదే మందు, ఇంకో కంపెనీది ఇవ్వండి" అంటున్నారు. షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలోని వాటికి, అలా మార్చి ఇవ్వడం నిబంధనల ప్రకారం కుదరదు. డాక్టరుతో మాట్లాడి మార్పించుకుందాం. జ్వరం రాగానే "సెఫిక్సిమ్ ఒక స్ట్రిప్పు" అని అడిగినా ఇవ్వలేను. అది షెడ్యూల్ హెచ్1, అంటే ఇంకా గట్టి నియమాలున్న జాబితాలోని యాంటీబయాటిక్. ఎవరు రాశారు, ఎవరికి, ఎన్ని మాత్రలు అన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా ఆ గడిలో నేనేం రాయను?

తల్లిదండ్రులకి కూడా ఒకటి చెప్పాలి. పిల్లల్ని డి.ఫార్మసీలో చేర్పిస్తాం, ఎక్కడ బావుంటుందని షాపుకొచ్చి అడిగేవాళ్లు చాలామంది. కాలేజీకి వెళ్లకుండానే పాస్ చేయిస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. డి.ఫార్మ్ రెండేళ్ల చదువు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. చదువు ముగిశాక రాసే ఎగ్జిట్ పరీక్షకి 2022లో నిబంధనలు కూడా తెచ్చారు. బి.ఫార్మ్ నాలుగేళ్లు, 2008 నుంచి ఉన్న ఫార్మ్.డి ఆరేళ్లు. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం లేకపోతే ఆ సర్టిఫికెట్‌తో రిజిస్ట్రేషన్ రాదు. ఫీజు కట్టేముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, ఏ సంవత్సరం దాకా ఆమోదం ఉందో చూడండి. ఫార్మసీ చదువు విషయంలో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి)ది కాదు, ఈ కౌన్సిల్ మాటే చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కొత్త కాలేజీలు మరీ ఎక్కువయ్యాయని కౌన్సిల్ 2019లో అయిదేళ్ల నిషేధం పెడితే, అలా ఉత్తర్వుతో చేయడం చెల్లదని అదే కోర్టు 2022లో కొట్టేసింది. కోర్టు చెప్పింది సబబే, కానీ కౌన్సిల్ భయం కూడా నిజమే. ఉద్యోగానికి వచ్చిన పిల్లల్లో కొందరికి చీటీ మీద "బీడీ" అంటే రోజుకి రెండుసార్లని కూడా తెలియడం లేదు. మార్కులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఇక డబ్బు సంగతి. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద రిటైలర్‌కి ఇచ్చే మార్జిన్ 16 శాతం. అందులోంచే అద్దె, కరెంటు, ఫ్రిజ్, జీతాలు వెళ్లాలి. రెండో ఫార్మసిస్టు జీతం తక్కువేం కాదు. అందుకని నెలవారీ మందుల మీద ఇస్తున్న పది శాతం డిస్కౌంటు వచ్చే నెల నుంచి అయిదు శాతం అవుతుంది. ఆన్‌లైన్‌లో ఇంతకంటే ఎక్కువ వస్తుంది, నాకు తెలుసు. దాని కోసం కొందరు వెళ్లిపోతారనీ తెలుసు. అయినా డిస్కౌంటు తగ్గించి మనిషిని పెట్టుకోవడమే నాకు సరైనదనిపించింది.

మనిషి దొరికారు. బి.ఫార్మ్ చదివిన అమ్మాయి, ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసిన అనుభవం ఉంది. వచ్చే నెల 1వ తేదీ నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి రాత్రి పది దాకా ఉంటుంది. ఆరోజు నుంచి పది దాకా చీటీ మందులు ఆగవు. పది తర్వాత అత్యవసరమైతే ఆసుపత్రి ఫార్మసీకే వెళ్లండి. అప్పటిదాకా నెల మందులు తీసుకునేవాళ్లు పొద్దున్న పూట రండి, లేదా చీటీ ఫొటో ముందే వాట్సాప్‌లో పంపితే సర్ది ఉంచుతాను. తీసుకునేటప్పుడు అసలు చీటీ మర్చిపోవద్దు. ఇంట్లో వాడుతున్న పాత స్ట్రిప్పులు కూడా ఒకసారి సంచిలో వేసుకుని తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం.