‘సైకో’ అని రాసే ముందు

సంపాదకులకు,

గత వారం జిల్లా పేజీలో ఒక హత్య వార్తకు ‘సైకో వీరంగం’ అని శీర్షిక పెట్టారు. నిందితుడికి ఏదైనా జబ్బు ఉన్నట్టు కింద ఒక్క వాక్యం కూడా లేదు. మా తమ్ముడు ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి, “అక్కా, ఇది నా గురించి కాదు కదా?” అని అడిగాడు.

వాడిది స్కిజోఅఫెక్టివ్ డిజార్డర్. 24వ ఏట ఫ్యాను రెగ్యులేటరులోంచి ఎవరో తిడుతున్నారని దానికి ప్లాస్టరు అంటించాడు. ఆరు నెలలకు నిద్ర మానేసి, అప్పు చేసి ఇరుగుపొరుగు అందరికీ చీరలు కొన్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. రెండేళ్లు అలా పోయాయి, ఆ తప్పు మాదే. స్కిజోఫ్రీనియాలో ఉండే భ్రమలకు తోడు ఈ జబ్బులో ఉద్రేకమో, కుంగుబాటో కూడా ముంచుకొస్తుందని డాక్టరు చెప్పాకే తెలిసింది.

రెండు మందులు పనిచేయలేదు. క్లోజపైన్ పనిచేసింది. ఆ మందు వల్ల రక్తంలో తెల్లకణాలు పడిపోతాయేమోనని మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. రాత్రిళ్లు నోట్లో నీళ్లూరి తలగడ తడిసిపోతుంది, రోజూ గలీబు మారుస్తాను. అయినా ఇప్పుడు మా కొట్టు లెక్కలన్నీ వాడే చూస్తాడు, నాకంటే నయంగా.

క్లోజపైన్‌తోపాటు, ఉద్రేకం, కుంగుబాటు అదుపులో ఉండటానికి లిథియం అనే మందు కూడా వాడాలి. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలుగా ‘స్టాకు లేదు’ అన్న మాటే. మీ విలేకరి ఒక ఉదయం ఆ మందుల కిటికీ దగ్గర నిలబడితే శీర్షికకు సరిపడా వార్త దొరుకుతుంది.

– ఒక అక్క, తెనాలి