దొరికి తప్పిపోయిన దీవుల దగ్గర్నుంచి

హొనియారా రేవు బయట, లంగరు మీద

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావురా? అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కాకినాడలో వానలు మొదలయ్యాయా? పోయిన ఆదివారం మీ ఎనిమిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న చెప్పావు చూడు, "ఒకసారి కనిపెట్టిన దీవుల్ని మళ్ళీ ఎలా పోగొట్టుకుంటారు సార్?" అని. నేను జవాబు మొదలుపెట్టేలోపే సిగ్నల్ పోయింది. వారం రోజులుగా ఆ ప్రశ్నే నా బుర్రలో తిరుగుతోంది. ఇప్పుడు రేవులో ఓడ కట్టే చోటు (బెర్త్) ఖాళీ లేక మా ఓడ ఇక్కడే ఆగింది. రెండు రోజులైనా పట్టేలా ఉంది. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఎక్కడున్నానో తెలుసా? ఆ పిల్ల అడిగిన సోలమన్ దీవుల్లోనే. వాటి రాజధాని హొనియారా గ్వాడల్‌కెనాల్ అనే దీవిలో ఉంది. ఎదురుగా గ్వాడల్‌కెనాల్ కొండలు. సగం దాకా అడవి కనిపిస్తుంది, ఆపైన అంతా మబ్బే. ఈ దీవుల్లోకెల్లా ఎత్తైన శిఖరం పొపొమనసెయు ఆ మబ్బులోనే ఉంది, 2,335 మీటర్లు. పొద్దున్నుంచి చూస్తున్నా ఒక్కసారి కూడా బయటపడలేదు. వాయవ్యంగా సావో అనే చిన్న దీవి, అదొక అగ్నిపర్వతం. అక్కడ ఒక జాతి పక్షి గుడ్లు పొదగదట. వేడి ఇసుకలో గొయ్యి తీసి పెట్టేసి వెళ్ళిపోతుంది, భూమి లోపలి వేడే వాటిని పొదుగుతుంది. ఊరివాళ్ళు ఆ గుడ్లు తవ్వి తెచ్చి అమ్ముకుంటారు. ఇది మీ పిల్లలకి తప్పకుండా చెప్పు.

మ్యాప్ తీసి చూడు. ఆస్ట్రేలియాకి ఈశాన్యంగా, భూమధ్యరేఖకి దిగువన, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి రెండు వరసల దీవులుంటాయి. పై వరసలో చాయిజుల్, శాంతా ఇసబెల్, మలైటా. కింది వరసలో న్యూ జార్జియా, గ్వాడల్‌కెనాల్, మకీరా. ఈ ఆరూ పెద్దవి, చిన్నాచితకా కలిపితే వెయ్యికి దగ్గర. దూరంగా తూర్పున శాంతా క్రూజ్ గుంపు. భూమి పైపొరలోని పెద్ద రాతి పలకల్లో పసిఫిక్ పలక, ఆస్ట్రేలియా పలక ఒకదాన్నొకటి నెట్టుకునే చోటు ఇది. 2007 ఏప్రిల్లో 8.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు రానొంగా అనే దీవి కొన్నిచోట్ల మూడు మీటర్ల దాకా పైకి లేచింది. నీళ్ళలో ఉండాల్సిన పగడపు దిబ్బలు ఒడ్డున ఎండిపోయాయి. మేం చూసే చార్టుల్లో లోతులు కూడా మారిపోయేంత పని అది.

ఇక అసలు కథ. పెరూలో స్పెయిన్ వాళ్ళు పాతుకుపోయాక రెండు మాటలు విన్నారు. పడమటి సముద్రంలో బంగారం ఉన్న దీవులున్నాయని, ఇన్కా జాతి రాజు తూపక్ యుపాంకి అక్కడికి వెళ్ళొచ్చాడని ఒకటి. బైబిల్లో సోలమన్ రాజుకి బంగారం వచ్చిన ఓఫిర్ అనే దేశం అటువైపే ఎక్కడో ఉందని ఇంకొకటి. ఈ ఆశతో 1567 నవంబరులో కయావో రేవు నుంచి రెండు ఓడలు బయల్దేరాయి. నాయకుడు అల్వారో దె మెండాన్యా, పాతికేళ్ళ కుర్రాడు, అక్కడి గవర్నరు మేనల్లుడు. దారి చూసే పెద్ద సరంగు హెర్నాన్ గాయెగో. అందరూ కలిపి సుమారు 150 మంది. దాదాపు 80 రోజుల ప్రయాణం తరవాత, 1568 ఫిబ్రవరి 7న, శాంతా ఇసబెల్ కనిపించింది. దిబ్బల మధ్య దారి వెతుకుతుంటే పట్టపగలు ఒక చుక్క కనిపించిందని ఆ చోటికి నక్షత్రపు అఖాతం అని పేరు పెట్టుకున్నారు.

పెద్ద ఓడలతో ఈ దిబ్బల మధ్య తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రాడార్, జీపీఎస్, లోతు కొలిచే యంత్రం అన్నీ ఉండి కూడా మొన్న రాత్రి ఇక్కడికి వస్తుంటే నాకు టెన్షనే. వాళ్ళు అక్కడి చెట్లే కొట్టి శాంతియాగో అనే చిన్న ఓడ కట్టుకున్నారు. దాని మీద గాయెగో, సిపాయిల నాయకుడు పెద్రో దె ఓర్తెగా చుట్టూ తిరిగి ఒక్కో దీవికి ఒక్కో పేరు పెట్టారు. గ్వాడల్‌కెనాల్ అంటే స్పెయిన్‌లో ఓర్తెగా పుట్టిన ఊరు. మట్టలాదివారం నాడు కనిపించిందని మలైటాకి ఇస్లా దె రామోస్ అన్నారు. ఇక్కడివాళ్ళకి గ్వాడల్‌కెనాల్ అంటే ఇసతాబు. ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది.

బంగారం దొరకలేదు. తిండి కరువైంది. దీన్ని పుస్తకాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, నాకు మాత్రం అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు పండించేది చేమదుంప, పెండలం, కొబ్బరి. పందుల్ని పెంచుతారు. మన గోదావరి లంకల్లో చిన్న రైతు పెరడు ఎలా ఉంటుందో అలాంటి తోటలు. ఆ ఊరికి సరిపోయేంతే పండుతుంది, మళ్ళీ నాటడానికి విత్తనపు దుంప దాచుకోవాలి. అలాంటి చోట 150 మంది ఆరు నెలలు కూర్చుని తింటామంటే ఎలా? మొదట్లో పెట్టారు, తరవాత దాచుకున్నారు, ఆ తరవాత వీళ్ళు తుపాకులు చూపించి లాక్కున్నారు. గ్వాడల్‌కెనాల్‌లో నీళ్ళు పట్టుకోవడానికి దిగిన తొమ్మిదిమంది స్పెయిన్ వాళ్ళని చంపేశారు. బదులుగా వీళ్ళు ఊళ్ళు తగలబెట్టారు. ఆగస్టులో తిరుగుముఖం పట్టి, ఉత్తరంగా మెక్సికో చుట్టూ తిరిగి, 1569లో పెరూ చేరారు. అక్కడ జనం నోట ఇవి సోలమన్ రాజు దీవులైపోయాయి, ఆ పేరే మ్యాపులకి ఎక్కింది.

ఇప్పుడు మీ పిల్ల ప్రశ్న. ఉత్తర దక్షిణాల లెక్క, అంటే అక్షాంశం, వాళ్ళకి బాగానే తెలుసు. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిస్తే చాలు. తూర్పు పడమరలదే చిక్కు. రేఖాంశం కావాలంటే రెండు చోట్ల టైము ఒకేసారి తెలియాలి. నువ్వు క్లాసులో ఇలా చెప్పు: ఇక్కడ హొనియారాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి, సూర్యుణ్ణి బట్టి చూస్తే మన కాకినాడలో ఇంకా ఉదయం ఏడు కూడా కాదు, 6 గంటల 49 నిమిషాలు. తేడా 5 గంటల 11 నిమిషాలు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి అది 78 డిగ్రీలకి కాస్త తక్కువ. కాకినాడ 82 డిగ్రీల పైన ఉంది, కలిపితే 160. హొనియారా ఉన్నది అక్కడే. కాకినాడ టైము చూపించే ఒక మంచి గడియారం నా జేబులో ఉంటే చాలు. అది నాలుగు నిమిషాలు తప్పితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది, అంటే ఈ చుట్టుపక్కల 110 కిలోమీటర్లు.

ఓడ కుదుపుల్లో నెలల తరబడి టైము తప్పని గడియారం 1760ల దాకా లేనే లేదు. గాయెగో దగ్గరున్నది అరగంట ఇసుక గడియారం, ఓడ వేగం మీద ఒక అంచనా, అంతే. పైగా ఇక్కడ భూమధ్యరేఖ ప్రవాహం ఓడని పడమరకి తోసుకుపోతూ ఉంటుంది. చుట్టూ నీళ్ళే కదా, ఆ తోపు తెలియదు. కదిలే రైల్లో నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకుని ఎంత దూరం వచ్చామో చెప్పినట్టే. దానితో పెరూ నుంచి దూరం చాలా తక్కువ వేశారు.

ఆ తప్పు ఎంత పని చేసిందో 1595లో తెలిసింది. మెండాన్యా 27 ఏళ్ళ తరవాత, ఈసారి నాలుగు ఓడలతో, ఆడవాళ్ళూ పిల్లలతో కలిపి 378 మందితో ఊరు కట్టడానికే బయల్దేరాడు. భార్య ఇసబెల్ బరేతో కూడా ఉంది. జులైలో దీవులు కనిపించగానే చేరిపోయాం అనుకున్నాడు. అవి మార్కేసస్ దీవులు, సరిగ్గా సగం దారి! అక్కడ వీళ్ళు చంపినవాళ్ళు 200 మంది దాకా ఉంటారని స్వయంగా వాళ్ళ సరంగు క్విరోసే రాసుకున్నాడు. మళ్ళీ పడమరకి సాగి, సెప్టెంబరులో తినకులా అగ్నిపర్వతం నిప్పులు కక్కుతుండగా శాంతా క్రూజ్ చేరారు. ఆ రాత్రే ఒక ఓడ మాయమైంది. 1970ల మొదట్లో మకీరా దీవిలో పురావస్తు పరిశోధకులకి స్పెయిన్ కుండ పెంకులు దొరికాయి. తప్పిపోయినవాళ్ళు కొందరు అక్కడ ఒడ్డు చేరారన్నమాట. అంటే మెండాన్యా మళ్ళీ చేరాలని వెతికిన దీవుల్లో వాళ్ళు దిగారు, అతను మళ్ళీ దిగలేకపోయాడు.

శాంతా క్రూజ్‌లో మలోపే అనే పెద్దమనిషి మెండాన్యాతో పేర్లు మార్చుకున్నాడురా. ఇకనుంచి నువ్వు మలోపే, నేను మెండాన్యా అని. అంతకన్నా గొప్ప స్నేహం ఏముంటుంది? కొన్ని వారాలకే వీళ్ళ సిపాయిలు ఆ మనిషిని చంపేశారు. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. అక్టోబరు 18న జ్వరంతో మెండాన్యా కూడా పోయాడు. అధికారం ఇసబెల్ చేతికి వచ్చింది. మిగిలినవాళ్ళు మనీలా చేరేసరికి వంద మంది దాకా ఉన్నారు.

1606లో క్విరోస్ మళ్ళీ వచ్చి, ఈ గుంపుకి దగ్గర్లోనే టౌమాకో అనే చిన్న దీవిలో ఆగాడు. అక్కడి పెద్ద తుమై. చుట్టుపక్కల ఏమేం దీవులున్నాయని అడిగితే అరవైకి పైగా పేర్లు చెప్పాడు. ఏది చిన్నది, ఏది పెద్దది, ఎటువైపు వెళ్ళాలి, ఎన్ని రోజులు పడుతుంది, అన్నీ. సూర్యుడు తిరిగే దారి చేత్తో చూపిస్తే పగలు, తల చేతిమీద పెట్టి పడుకున్నట్టు చూపిస్తే రాత్రి. ఇరవయ్యేళ్ళుగా ఓడ నడుపుతున్నవాణ్ణి చెబుతున్నాను, చార్టు తెరవకుండా అరవై రేవులకి దారి చెప్పమంటే నేను చెప్పలేను. ఇక్కడి మనుషులు ఈ దీవుల్ని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. ఈ వరసలోనే ఉన్న బూకా దీవిలో, కిలూ గుహలో, సుమారు 29 వేల ఏళ్ళనాటి మనుషుల ఆనవాళ్ళున్నాయి. క్విరోస్ వెళ్ళేటప్పుడు తుమై మనుషుల్ని నలుగురిని బలవంతంగా ఓడ ఎక్కించుకున్నాడు. ముగ్గురు సముద్రంలోకి దూకేశారు.

ఆ తరవాత 160 ఏళ్ళు యూరప్ మ్యాపుల్లో ఈ దీవులు ఒక్కో మ్యాపులో ఒక్కోచోట. అసలున్నాయా అని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. 1767లో ఇంగ్లీషు నావికుడు కార్టరెట్ ఈ దీవుల మీదుగా వెళ్ళాడు, ఇవే సోలమన్ దీవులని గుర్తుపట్టలేదు. 1768లో ఫ్రాన్స్ వాడు బోగన్విల్ వెళ్ళాడు, అతనూ అంతే. మీ గేటు మీద పాకిన కాగితం పూల తీగ ఉంది కదా, బోగన్‌విల్లా, దానికి ఇతని పేరే.

మూడోవాడి కథ మనకి దగ్గర. సుర్విల్ అనే ఫ్రెంచి నావికుడు 1769 మార్చిలో బెంగాల్లోని హుగ్లీ నుంచి సరుకుతో, అందులో మన దేశపు బట్టలతో, బయల్దేరి తీరం వెంట దిగి పాండిచ్చేరి వెళ్ళాడు. హుగ్లీ నుంచి పాండిచ్చేరికి ఇంకో దారి లేదు కదా, మన కోరంగి, యానాం ఎదుటి సముద్రం మీదుగానే పోయి ఉంటుంది ఆ ఓడ. జూన్‌లో పాండిచ్చేరి వదిలి, అక్టోబరులో శాంతా ఇసబెల్లో లంగరు వేశాడు. అంటే మెండాన్యా మొదట దిగిన దీవే! తెలియలేదు. గొడవ జరిగింది, ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోయారు. ఓడ నిండా స్కర్వీ, తాజా కూరలూ పళ్ళూ లేక వచ్చే జబ్బు. మరుసటి ఏప్రిల్లో పెరూ ఒడ్డున పడవ బోల్తాపడి సుర్విల్ మునిగిపోయాడు. మెండాన్యా బయల్దేరిన దేశం ఒడ్డునే.

చివరికి కనిపెట్టింది ఓడెక్కినవాడు కాదు, పారిస్‌లో కూర్చున్న మ్యాపుల పండితుడు బువాష్. పాత స్పెయిన్ రాతలు, బోగన్విల్, సుర్విల్ రాతలు పక్కపక్కన పెట్టుకుని చదివి, ఇవి మూడూ ఒకే దీవులని 1781లో చెప్పాడు. తరవాత ఫ్రెంచి నావికాధికారి ఫ్లురియూ దాన్ని పుస్తకంగా రాశాడు, 1790ల్లో ఫ్రెంచి ఓడలు వచ్చి చూసి సరిపోల్చుకున్నాయి. రెండొందల ఏళ్ళకి పైగా పట్టిందిరా!

అన్నట్టు, ఇక్కడి వాగుల్లో బంగారం జాడ ఉందని గాయెగో అనుకున్నాడట, అది నిజమే. ఇప్పుడు నాకు ఎదురుగా ఉన్న ఈ కొండల వెనకే గోల్డ్ రిడ్జ్ అనే గని ఉంది, 1998లో మొదలైంది.

నిన్న బోటు మీద గంటసేపు ఒడ్డుకి వెళ్ళొచ్చాను. మార్కెట్లో ఎటు చూసినా వక్కలు, సున్నం, తమలపాకు తీగ. అందరి నోళ్ళూ ఎర్రగా. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది. చేమదుంపలు కుప్పలు పోసి అమ్ముతున్న ఒకావిడ నాకు నాలీ గింజలు చేతిలో పోసి డబ్బులు వద్దంది. బాదంలా ఉంటాయి, ఇంకాస్త నూనె. మీ క్లాసుకి ఒక పొట్లం కొని ఉంచాను, ఆ పిల్లకి మొదటి గుప్పెడు ఇవ్వు.

వీహెచ్ఎఫ్ రేడియో‌లో పిలుస్తున్నారు, ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఎప్పుడొస్తాడో చెబుతారనుకుంటా. తుమై చేతుల సైగలు నీకు బొమ్మ గీసి పంపుదామనుకున్నాను, అది తరవాతి ఉత్తరంలో. అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
రాంబాబు