జార్జ్‌టౌన్ కోపిటియంలో మాకు చోటిచ్చిన పెద్దావిడకు

మలేషియాలో పినాంగ్ చూడటానికి వెళ్లినప్పుడు, జార్జ్‌టౌన్‌లో కిటకిటలాడుతున్న కోపిటియంలో (రకరకాల తిండి బండ్లుండే కాఫీ హోటల్లో) మమ్మల్ని పిలిచి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న చైనీయ ఆంటీకి ఈ కృతజ్ఞతలు. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు మీరు.

మా అమ్మ శుద్ధ శాకాహారి. చార్ క్వే తియావ్ అనే వేయించిన బియ్యపు నూడుల్స్‌లో రొయ్యలు, ఆల్చిప్పల మాంసమే కాక చాలాచోట్ల పంది కొవ్వు కూడా పడుతుందని, అసం లక్సా అనే పుల్లటి నూడుల్స్ వంటకం పులుసు చేపలతోనే మరుగుతుందని ఓపికగా చెప్పారు. పండ్ల ముక్కలే కదా అని అమ్మ ముచ్చటపడ్డ రొజాక్ సంగతీ మీరే చెప్పారు. దాని మీది నల్లటి సాస్‌లో రొయ్యల ముద్ద ఉంటుందట! మీరు లేకపోతే అమ్మ అది తినేసేదే.

ఒక్కో బండి ఒక్కొక్కరిదని, అక్కడికే వెళ్లి కావలసింది చెప్పి బల్ల నంబరు ఇవ్వాలని, కాఫీ, టీలకు మాత్రం వేరే మనిషి వస్తాడని నేర్పారు. మీ నూడుల్స్ చల్లారిపోతున్నా లేచి, మమ్మల్ని శాకాహార బండి దగ్గరకు తీసుకెళ్లి, వంటాయనకు మీ భాషలో అన్నీ వివరించారు. అమ్మ కడుపునిండా వేయించిన బీహూన్ (సన్నటి బియ్యపు సేమ్యా) తింది. రాత్రికి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుందని కాగితం మీద దారి గీసిచ్చారు కూడా. వెళ్లాం. రసం అన్నం తిన్నాక అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

మీకు మరీ మరీ నమస్కారాలు చెప్పమంది అమ్మ, ఆంటీ.